నీళ్ళు తాగని తోటపని

కడియంలో నీళ్ళకు కరువంటే విన్నవాళ్ళు నవ్విపోతారు. ధవళేశ్వరం ఆనకట్ట ఇక్కడికి పట్టుమని పది మైళ్ళు లేదు. కాటన్ దొర ఆనకట్ట పని 1852లో పూర్తయిన నాటినుంచి గోదావరి నీరు కాలువలై ఈ వూళ్ళ మధ్యగా పారుతూనే వుంది. ఆ నీటి చలవతోనే కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, వీరవరం ఎటు చూసినా మొక్కల నర్సరీలు వెలిశాయి. ఇక్కడ కట్టిన అంట్లు లారీలెక్కి ఉత్తరాది రాష్ట్రాల దాకా పోతాయి. పూలు కోసే చేతులు, కవర్లలో మట్టి నింపే చేతులు, కుండీలు మోసి లారీకెక్కించే చేతులు వేలల్లో వున్నాయి. అందులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళవే.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మేము ఆ తోటల్లో తిరిగాము. వల పందిరి కింద పదిమంది ఆడకూలీలు కవర్లు నింపుతున్నారు. పందిరి కిందకు ఎండ దిగదు నిజమే, గాలి కూడా ఆడదు. రోజంతా మొక్కలకు కొట్టిన తడి ఆవిరై అక్కడే నిలబడుతుంది. పట్టిన చెమట ఆరదు. ఒకామె పక్కన లీటరు సీసా వుంది. పొద్దున ఏడింటికి తెచ్చిన నీళ్ళు. మధ్యాహ్నం రెండయింది, సీసాలో పావువంతు కూడా తగ్గలేదు.

"నీళ్ళు తాగరేమమ్మా?" అని అడిగాము.

ఆమె నవ్వి వూరుకుంది. పక్కనున్న పెద్దామె అందుకుంది: "తాగితే ఒంటికి పోవాలి కదండీ. ఎక్కడికి పోతామండి? సుట్టూ లచ్చ మొక్కలున్నాయండి, సాటు మాత్రం లేదండి. ఆయ్. ఇంటికెళ్ళాకే తాగుతామండి."

"మరి మంట అదీ రాదా?"

"ఎందుకు రాదండి? నీరుడు మంట ఈ పనిలో వున్నదే కదండి. సబ్జా గింజలు నానేసుకుని తాగుతామండి. తగ్గకపోతే మందులషాపులో బిళ్ళలిత్తారు."

ఈ నాలుగు మాటల వెనకాల మనిషి ఒంట్లో ఏం జరుగుతున్నదో చెప్పడానికే ఈ వ్యాసం. మొక్కకు నీరెంత పోయాలో, ఏ మొక్క ఏ ఎండకు వాడిపోతుందో ఈ ప్రాంతం వాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. తమ ఒంట్లో నీరు ఏ దారిన పోతున్నదో మాత్రం ఎవరూ వాళ్ళకు చెప్పినట్టు లేదు.

మూత్రపిండాలు రెండు. చివరి పక్కటెముకల చాటున, వెన్నుకు అటొకటి ఇటొకటి, వీపువైపుకు అంటుకుని వుంటాయి. చిక్కుడు గింజ ఆకారం, పిడికిలంత పరిమాణం. ఒక్కొక్కటి 150 గ్రాములు తూగుతుంది. కుడిపక్కన పైన కాలేయం వుండడంచేత కుడిది ఎడమదానికన్న కొంచెం దిగువగా వుంటుంది. వంగి వంగి పనిచేసేవాళ్ళు నడుం పట్టేస్తే "కిడ్నీలు పాడయ్యాయేమో" అని భయపడుతుంటారు. ఆ నొప్పి చాలావరకు కండరాలదీ వెన్నుపూసలదీ. మూత్రపిండాల జబ్బు చాలామందిలో నొప్పే లేకుండా ముదురుతుంది. అసలు ప్రమాదం అక్కడే వుంది.

రెండూ కలిపి శరీరం బరువులో రెండువందలో వంతు. అయినా గుండె నిమిషానికి తోడిపోసే అయిదు లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వీటికే వెళుతుంది. పెద్ద కాలువనుంచి పిల్లకాలువ, పిల్లకాలువనుంచి బోదె, బోదెనుంచి మడి అన్నట్టుగా ఆ రక్తం చీలి చీలి చివరికి వెంట్రుకకన్న సన్నని నాళాల్లోకి చేరుతుంది. ఆ సన్న నాళాలు దారపుండలాగ చుట్టుకుని వుంటాయి. ప్రతి ఉండకూ ఒక గిన్నె, గిన్నె అడుగునుంచి మెలికలు తిరిగిన ఒక గొట్టం. ఉండ, గిన్నె, గొట్టం కలిపితే ఒక నెఫ్రాన్. ఒక్కో మూత్రపిండంలో ఇలాంటివి సుమారు పది లక్షలుంటాయి.

ఈ పది లక్షలూ మనిషి తల్లికడుపులో వుండగానే తయారవుతాయి. పుట్టాక కొత్తది ఒక్కటీ మొలవదు. తల్లికి తిండి చాలక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు నెఫ్రాన్లు కూడా తక్కువగానే వుంటాయి. అంటే పనిలోకి దిగకముందే కూలివాని బిడ్డ పెట్టుబడిలో కొంత కోత పడి వుంటుందన్నమాట. కొమ్మ నరికితే పక్కన చిగురు వేసే మొక్కలాంటిది కాదు ఇది. పోయింది పోయినట్టే.

ఆ ఉండల్లో రక్తం ఒత్తిడితో పారేటప్పుడు నీరు, ఉప్పులు, చక్కెర, యూరియాలాంటి చిన్న పదార్థాలన్నీ గిన్నెలోకి ఊరుతాయి. రక్తకణాలూ మాంసకృత్తులూ పెద్దవి కాబట్టి లోపలే వుండిపోతాయి. ఇలా రోజుకు ఊరే నీరెంతో తెలుసా? 180 లీటర్లు! ఒంట్లో వున్న రక్తమే అయిదు లీటర్లు. దానిలోని నీటిభాగం రోజుకు అరవైసార్ల దాకా ఈ జల్లెడలో పడి లేస్తుంది.

180 లీటర్లు ఊరితే బయటికి పోయేది లీటరున్నర. మిగిలిన నీరంతా ఏమయింది? ఇక్కడే మూత్రపిండం గొప్పతనం వుంది. భోగి ముందు ఇల్లు దులిపేటప్పుడు మన ఆడవాళ్ళు ఏం చేస్తారు? చెత్త కోసం మూలమూలలా వెతకరు. సామానంతా వాకిట్లో పెట్టేసి, పనికొచ్చేది ఒక్కొక్కటే తుడిచి లోపలికి తెచ్చుకుంటారు. వద్దనుకున్నది వాకిట్లోనే వుండిపోయి భోగిమంటలోకి పోతుంది. మూత్రపిండం రోజూ, క్షణం తీరిక లేకుండా చేసే పని అదే. గొట్టంలోకి అంతా వదిలేస్తుంది. తర్వాత గొట్టం గోడల్లోని కణాలు చక్కెరను మొత్తంగా, ఉప్పునూ నీటినీ అవసరం మేరకు లాక్కుని మళ్ళీ రక్తంలో కలుపుతాయి. మొదటి మలుపులోనే మూడింట రెండువంతులు వెనక్కి వచ్చేస్తుంది. ఈ లాగే పనికి బోలెడంత శక్తి కావాలి, ప్రాణవాయువు కావాలి. అందుకనే ఈ కణాలకు రక్తం ఏ కాస్త తగ్గినా ముందు అవే దెబ్బతింటాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాము.

వాకిట్లో మిగిలిపోయే చెత్తలో ముఖ్యమైనది యూరియా. రైతులు బస్తాలకు బస్తాలు కొని చేలో చల్లే యూరియా, మనిషి ఒంటేల్లో పోయే యూరియా ఒక్కటే పదార్థం. మనం తిన్న పప్పులోని, చేపలోని మాంసకృత్తులు విరిగినప్పుడు వచ్చే నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది, మూత్రపిండం బయటికి తోస్తుంది. బాగా తినే మనిషి రోజుకు పాతిక గ్రాముల దాకా విడుస్తాడు. ఏడాదికి తొమ్మిది కిలోలన్నమాట. ప్రాణి ఒంట్లో తప్ప మరెక్కడా ఇది తయారు కాదని ఒకప్పుడు పండితులు నమ్మేవారు. 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. ఈనాటి యూరియా ఫ్యాక్టరీల కథ అక్కడినుంచే మొదలయింది.

మూత్రపిండం చెత్త ఎత్తిపోసి వూరుకోదు. రక్తపుపోటు ఎంత వుండాలో నిర్ణయించడంలో దానికి పెద్ద వాటా వుంది. ఎముక మూలుగలో ఎర్రకణాలు పుట్టడానికి సంకేతం పంపేది అదే. అందుకనే మూత్రపిండాలు చెడినవాళ్ళు పాలిపోతారు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడతారు. ఎండవల్ల చర్మంలో తయారైన డి విటమిన్ ఎముకలకు పనికొచ్చే రూపం ధరించేది కూడా ఇక్కడే. రక్తంలో భాస్వరం పెరగకుండా చూసేదీ ఇదే. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత వున్నదో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రపంచానికి ఇచ్చినవాడు మన యెల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న మనిషి. కడియంనుంచి రైలెక్కితే తర్వాత వచ్చే పెద్ద వూరు ఆయన చదివిన వూరని ఇక్కడి బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసో!

ఇప్పుడు మన సీసా దగ్గరికి వద్దాము.

ఎండలో బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోగలదు. ఆ నీరు పూడకపోతే రక్తం చిక్కబడుతుంది. మెదడు దాన్ని వెంటనే పసిగడుతుంది. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటి వుంది. అందులోంచి ఒక హార్మోను రక్తంలోకి దిగి, "నీరు వదలొద్దు" అని మూత్రపిండానికి కబురు చెబుతుంది. కాలువలు కట్టేసిన నెలల్లో లస్కరు తూము తలుపులు బిగించినట్టు గొట్టాలు ఆఖరి మలుపులో కూడా నీటిని వెనక్కి లాగుతాయి. అప్పుడు మూత్రం తగ్గుతుంది, చిక్కబడుతుంది. ఎండుగడ్డి నానిన నీళ్ళ రంగులో వుండవలసింది టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. దీనికీ ఒక హద్దు వుంది. రక్తంకన్న నాలుగింతల చిక్కదనం దాటి మూత్రపిండం మూత్రాన్ని చిక్కబరచలేదు. యూరియా వగైరా చెత్త పోవాలంటే రోజుకు కనీసం అర లీటరు మూత్రం వచ్చి తీరాలి. అంతకు తగ్గితే చెత్త ఒంట్లోనే నిలుస్తుంది.

చిక్కబడిన మూత్రంలో ఉప్పులు స్ఫటికాలు కట్టి రాళ్ళవుతాయి. మన వైపు ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. రాయి కదిలి మూత్రపిండానికీ మూత్రాశయానికీ మధ్య వుండే జానెడు పొడవు సన్నగొట్టంలో ఇరుక్కుంటే వచ్చే నొప్పిని పడ్డవాళ్ళను అడిగి తెలుసుకోవలసిందే. ఆ నొప్పి మనిషిని డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తుంది కాబట్టి రాయి ఒక విధంగా నయం. నొప్పి లేకుండా జరిగే నష్టం అంతకన్న చెడ్డది.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు శరీరం ముందుగా మెదడుకూ గుండెకూ రక్తం మళ్ళిస్తుంది, మూత్రపిండాల వాటా కోస్తుంది. ప్రాణవాయువు అందక గొట్టాల్లోని ఆ కష్టజీవి కణాలు మాడతాయి. ఒక రోజయితే రాత్రికి తేరుకుంటాయి. వరసగా రోజూ జరిగితే తేరుకునేలోపే మళ్ళీ దెబ్బ. ఏళ్ళ తరబడి ఇలా సాగితే కణాలు పోయిన చోట మచ్చ కడుతుంది, ఒక్కొక్క నెఫ్రానే మూతపడుతుంది.

ఇది వూహాగానం కాదు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో పల్లపు ప్రాంతాల వేడిలో చెరకు నరికే పడుచు కూలీలు వేల సంఖ్యలో మూత్రపిండాలు చెడి చనిపోయారు. వాళ్ళకు మధుమేహం లేదు, రక్తపుపోటు లేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో అనూరాధపురం, పొలన్నరువ వైపు వరి రైతుల్లో 1990ల నుంచీ ఇదే వరస. మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వుండనే వుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు ఇల్లు వదలకుండా తిరిగింది. విశాఖలోని డాక్టర్లు, ముఖ్యంగా డాక్టర్ రవిరాజు, ఏళ్ళ తరబడి దీని వెంటపడ్డారు. తాగునీటిలోని సిలికా అని కొందరు, పురుగుమందులని కొందరు, భారలోహాలని కొందరు, నొప్పి బిళ్ళలనీ ఎండలో పని అనీ వంశపారంపర్యమనీ మరికొందరు అన్నారు. ఇదమిత్థంగా ఫలానాదే కారణమని తేలలేదు. ఒకటికి రెండు కలిసి పనిచేస్తున్నాయనే అభిప్రాయం బలపడుతున్నది. 2019లో డయాలిసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. జబ్బు బయటపడిన నాటినుంచి అక్కడిదాకా రావడానికి పాతికేళ్ళు పట్టింది.

ఉద్దానం అనే పేరు ఉద్యానవనం అనే మాటనుంచి వచ్చింది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ అది. కడియం మరో ఉద్దానం అయిపోయిందని మేము అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు, లేనిపోని భయం పెట్టడం మా పని కాదు. కాని అక్కడ అనుమానితుల జాబితాలో రాసిన పేర్లలో మూడు ఇక్కడి నర్సరీ పనిలో రోజూ కనిపిస్తున్నాయి. చెమటకు తగ్గ నీరు లేకపోవడం ఒకటి, పురుగుమందు రెండు, నొప్పి బిళ్ళ మూడు.

బిళ్ళ సంగతి చూడండి. సాయంత్రానికి నడుం విరిగిపోతుంది, మర్నాడు పనికి పోక తప్పదు. మందులషాపులో డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో, అసెక్లోఫెనాకో ఇస్తారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండం తన రక్తనాళాలను తెరిచి వుంచుకోవడానికి కొన్ని రసాయనాలను వూరిస్తుంది. ఈ బిళ్ళలు ఆ రసాయనాలనే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేదీ అందువల్లనే, మూత్రపిండానికి దెబ్బ తగిలేదీ అందువల్లనే. నీళ్ళు బాగా తాగే మనిషి ఏడాదికి నాలుగు బిళ్ళలు మింగితే ఏమీ కాకపోవచ్చు. దాహంతో ఎండిన ఒంట్లోకి రోజుకొకటి చొప్పున నెలల తరబడి వేయడం వేరు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ దీనికన్న మూత్రపిండాలకు తక్కువ హాని.

పురుగుమందు కొట్టే మగకూలీల గురించి విడిగా రాయవలసింది చాలా వుంది. ఒక్క మాట మాత్రం. కలుపుమందుల్లో పారాక్వాట్ అనేది వుంది. గుక్కెడు లోపలికి పోయినా మూత్రపిండాలనూ ఊపిరితిత్తులనూ తినేస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. దాన్ని తాగే నీళ్ళ సీసాల్లో పోసి గట్టుమీద పెట్టే అలవాటు వెంటనే మానాలి.

వరి చేలల్లోకి దిగేవాళ్ళకు ఇంకొకటి. రక్తపింజర కాటు మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో ఆపేయగలదు. మంత్రం వేయించి, పసరు పోయించి, మూత్రం ఎర్రబడ్డాకనో ఆగిపోయాకనో ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. విషానికి విరుగుడు ఇంజెక్షను ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఇలా హఠాత్తుగా ఆగినవి, వాంతులు విరేచనాలతో నీరు పోయి ఆగినవి, ఎలుక జ్వరంతో ఆగినవి సకాలంలో వైద్యం దొరికితే చాలావరకు మళ్ళీ పనిచేస్తాయి. ఏళ్ళమీద చెడ్డవే తిరిగి రావు.

ఇక ఆపుకోవడం సంగతి. మూత్రాశయం సాగే సంచి. రెండువందల మిల్లీలీటర్లు నిండగానే గుర్తు చేస్తుంది, నాలుగైదువందలు నిండితే తొందరపెడుతుంది. సంచి మూతికి రెండు బిగింపులు. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. మూడేళ్ళ పిల్ల నేర్చుకునేది ఆ రెండో బిగింపును పట్టుకోవడమే. దాన్ని రోజుకు ఎనిమిది గంటలు పట్టుకు కూచోవడానికి ప్రకృతి ఏర్పాటు చెయ్యలేదు.

మగవాడికి మూత్రాశయంనుంచి బయటిదాకా దారి దాదాపు ఇరవై సెంటీమీటర్లు. ఆడవాళ్ళకు నాలుగే. పేగుల్లో వుండే సూక్ష్మజీవి ఆ నాలుగు సెంటీమీటర్లు తేలిగ్గా ఎక్కుతుంది. మూత్రం తరచుగా పోతుంటే ఎక్కినదాన్ని ఎక్కినట్టే కడిగేస్తుంది. నీళ్ళు తాగక, వచ్చింది ఆపుకుంటే సూక్ష్మజీవి నిలిచిన నీళ్ళలో నాచులాగా పెరుగుతుంది. మంట, చురుకు, మాటిమాటికీ పోవాలనిపించడం, పొత్తికడుపు నొప్పి అప్పుడు వస్తాయి. ఇంకా ముదిరితే సన్నగొట్టం వెంట మూత్రపిండానికే ఎక్కుతుంది. చలిజ్వరం, వీపులో ఒక పక్క నొప్పి, వాంతులు దాని గుర్తులు. గర్భిణికి అయితే నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం కూడా వుంది. సబ్జా నీళ్ళు చలవే, వద్దనము. కాని జ్వరం తగిలిందంటే అది సబ్జాతో పోయేది కాదు. పరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన మందును చెప్పినన్ని రోజులూ వాడాలి. మంట తగ్గిందని రెండో రోజునే ఆపేస్తే చావని సూక్ష్మజీవి మరింత మొండిదవుతుంది.

మంచి మూత్రపిండం ఎంత ఓర్చుకుంటుందంటే, పని సగం పడిపోయేదాకా మనిషికి తెలియనివ్వదు. మిగిలిన నెఫ్రాన్లు పోయినవాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. అందుకని పరీక్షే దారి. పరీక్షలు పెద్దవేమీ కావు. రక్తపుపోటు చూడడం, చక్కెర చూడడం, మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయేమో చూడడం, రక్తంలో క్రియాటినిన్ చూడడం. ఉద్దానంలాంటి చోట్ల మొత్తుకునే విషయం వేరుగాని, దేశం మొత్తం మీద మూత్రపిండాలను చెడగొట్టడంలో మొదటి పేర్లు మధుమేహం, రక్తపుపోటే. క్రియాటినిన్ చీటీలో 1.2 లోపు వుంటే మామూలని రాస్తారు. ఇక్కడ ఒక మెలిక వుంది. క్రియాటినిన్ కండలనుంచి పుడుతుంది. కండ లేని బక్కమనిషికి అది తక్కువే పుడుతుంది. యాభయ్యేళ్ళ ఆడమనిషికి 1.2 వుందంటే లెక్కప్రకారం ఆమె మూత్రపిండాల పని నూటికి అరవై లోపే. చీటీలో మామూలని వుంది కదా అని వూరుకోకుండా, వయసూ ఆడా మగా చూసి లెక్కకట్టి చెప్పమని అడగాలి. ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆ లెక్క వేసి ఇవ్వాలి.

పొద్దున లేచేసరికి మొహం ఉబ్బడం, కాళ్ళు వేలు పెడితే గుంట పడేలా వాయడం, మూత్రం నురగ కట్టి ఎంతకీ పోకపోవడం, రాత్రిళ్ళు పలుమార్లు లేవడం. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

అంతా చెడితే మిగిలేది డయాలిసిస్. 1943లో, హిట్లరు సేనలు ఆక్రమించిన హాలెండులో, కోల్ఫ్ అనే యువ వైద్యుడు మాంసం కూరే సెల్లోఫేను గొట్టాలను కొయ్య డోలుకు చుట్టి మొదటి కృత్రిమ మూత్రపిండాన్ని కట్టాడు. మొదట పట్టుకొచ్చిన రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒక స్త్రీ బతికింది. ఆ యంత్రం మనవళ్ళే ఈనాటి ఆసుపత్రుల్లో వున్నవి. మంచి మూత్రపిండం వారానికి 168 గంటలు పనిచేస్తే, యంత్రం నాలుగేసి గంటల చొప్పున మూడుసార్లు, పన్నెండు గంటలు పనిచేస్తుంది. దానికే మనిషి వారంలో మూడు రోజుల పని పోగొట్టుకుని రాజమండ్రికో కాకినాడకో తిరగాలి. వైద్యం ఉచితమే కావచ్చు. పోయిన కూలి ఎవరిస్తారు? తోడు వచ్చినవాళ్ళ కూలి? ఉద్దానంలో కుటుంబాలు చితికిపోయింది మందులవల్లనే కాదు, ఈ తిరుగుడువల్ల కూడా.

నికరాగువాలో ఒక చక్కెర మిల్లు తోటల్లో కొన్నేళ్ళుగా ఒక పద్ధతి నడుస్తున్నది. నరికే చోటికి మంచినీళ్ళు, కదిలే నీడపందిరి, గంట గంటకూ విధిగా విశ్రాంతి. ఎండ ముదిరితే విశ్రాంతి పెంచుతారు. దానివల్ల మూత్రపిండాల దెబ్బలు తగ్గినట్టు అక్కడి పరిశీలనలు చెబుతున్నాయి. పని ఉత్పత్తి పడిపోలేదు. దీనికి కొత్త శాస్త్రమేమీ అక్కరలేదు. మన దేశంలో 1951 నాటి తోటకార్మికుల చట్టమే తేయాకు, కాఫీ, రబ్బరు తోటల్లో మంచినీళ్ళూ మరుగుదొడ్లూ వుండాలన్నది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట నీళ్ళూ నీడా వుండాలని రాసింది. 1951 చట్టం పేరుపెట్టి చెప్పిన తోటల్లో పూలమొక్కల నర్సరీ లేదు.

నర్సరీ పెట్టిన ప్రతివాడూ లక్షాధికారి కాడని మాకు తెలుసు. అరెకరం కౌలుకు తీసుకుని, మొగుడూ పెళ్ళామూ కూలీలతో పాటే మట్టి పిసికేవాళ్ళు కడియంలో ఎంతోమంది. వాళ్ళ ఆడవాళ్ళకు కూడా ఇదే తిప్పలు. ఒక్కొక్కరూ దొడ్డి కట్టించలేకపోతే పది నర్సరీలకు కలిపి ఒకటి కట్టి, నీటి కనెక్షను ఇచ్చి, శుభ్రంచేసే మనిషిని పెట్టడం పంచాయతీకి మించిన పని కాదు. మధ్యాహ్నం పన్నెండునుంచి మూడు దాకా ఎండాకాలంలో లారీ లోడింగు ఆపి పొద్దున్నే మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. పనిచేసే మనిషి దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో అరగంటకో గ్లాసుడు తాగాలి. బాగా చెమటపట్టిన రోజున లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార కలుపుకోవచ్చు. మజ్జిగ వుంటే మరీ మంచిది. కాళ్ళవాపు వున్నవాళ్ళూ, ఇప్పటికే మూత్రపిండాల జబ్బు తేలినవాళ్ళూ మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మంచి మూత్రపిండానికి అది మేలు, చెడ్డదానికి గుండె ఆపేసే ప్రమాదం.

కొండపిండి ఆకు, అరటి దూట రసం రాయిని కరిగిస్తాయా అని చాలామంది అడిగారు. చిన్న రాళ్ళు చాలావరకు నీరు బాగా తాగితే వాటంతట అవే పోతాయి. పప్పులో కొండపిండి వేసుకు తినండి, తప్పులేదు. దాన్ని నమ్ముకుని పెద్ద రాయిని నెలల తరబడి లోపల వుంచుకోకండి. బీరు తాగితే రాయి పోతుందని చెప్పేవాళ్ళు బీరు కోసం చెబుతున్నారు. అది ముందు మూత్రం ఎక్కువచేసినా తర్వాత ఒంటిని ఎండగడుతుంది. కడియంవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఇంకొకటి వుంది. ఈ మధ్య నర్సరీల్లో స్టార్ ఫ్రూట్ మొక్కలు బాగా అమ్ముతున్నారు. అయిదు అంచుల పుల్లని కాయ. ఆరోగ్యవంతుడు ఒకటి తింటే ఏమీ కాదు. మూత్రపిండాలు చెడినవాళ్ళకు అందులోని విషం బయటికి పోక తెరలు తెరలుగా ఎక్కిళ్ళు, మతి తప్పడం, ఫిట్స్ వచ్చి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. మొక్క అమ్మేటప్పుడు ఈ మాట కూడా చెప్పడం అమ్మేవారి బాధ్యత.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుపక్కన పెద్ద నర్సరీ ఒకదాని ముందు ఆగాము. లోపల కూలీలు ముప్పైమంది దాకా వున్నారు. గేటు పక్కనే పలకలు పరిచిన కొత్త మరుగుదొడ్డి కనిపించింది. కుళాయి కూడా వుంది. కార్లమీద మొక్కలు కొనడానికి వచ్చే కుటుంబాల కోసం కట్టించామని యజమాని చెప్పారు. తలుపుకు తాళం వేసి వుంది. తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందని అడిగాము.

"గుమాస్తా దగ్గరండి," అన్నారు. "అడిగితే ఇస్తాడండి."

గుమాస్తా పాతికేళ్ళ కుర్రవాడు. కవర్లు నింపే ఆడవాళ్ళెవరైనా ఇంతవరకూ వచ్చి అడిగారా అంటే తల అడ్డంగా తిప్పాడు.